నలభై మూడో లైను

పొద్దున్నే కాటా మీదికి మొదటి బండి ఎక్కకముందే తూకం రాళ్ళు పెట్టి చూడటం జయమణి అలవాటు. గది మెట్ల కింద ఉండే ఇనప రాళ్ళను ఒక్కొక్కటే పిడి పట్టి లేపి, నడుముకి ఆనించుకుని తెచ్చి, కాటా పలక మీద ఒక మూల దించుతుంది. గదిలోకి వెళ్ళి ఎర్ర అంకెలు చూస్తుంది. మళ్ళీ వచ్చి రాళ్ళను ఇంకో మూలకి మారుస్తుంది. నాలుగు మూలలా, నడుమా ఒకటే అంకె చూపిస్తే అప్పుడు చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చుంటుంది. ఇలా చెయ్యమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. కాటా యజమాని తిరుపతిరావుకి అది వృథా పనిగానే కనిపిస్తుంది. కాని జగ్గయ్యపేట నుంచి చిల్లకల్లు పోయే రోడ్డు మీద వేరే కాటాలు ఉండగా రైతులు పనిగట్టుకుని ఇక్కడికే వస్తున్నారంటే అది ఆ రాళ్ళ వల్లనేనని ఆయనకీ తెలుసు. అందుకని ఏమీ అనడు.

రోడ్డవతల టీ కాచే ఆదెమ్మ మాత్రం ఊరుకోదు.

"ఏమే జయమణీ, రాళ్ళకి మొక్కడం అయిందా? చర్చికెళ్ళేదానివి, నీకెందుకే ఈ రాళ్ళ పూజ?"

"రాయి అబద్ధం ఆడదు పిన్నీ. ముందు రాయిని అడిగి, తర్వాత బండిని అడగాలి."

ఆ ఏడు, అంటే రెండు వేల ఎనిమిదిలో, శివరాత్రి వెళ్ళిన వారం కాటా గదిలోకి కంప్యూటరు వచ్చింది. తిరుపతిరావు మేనల్లుడు అవినాష్ నందిగామ బస్టాండు ఎదుట మేడ మీద కంప్యూటరు సెంటరు నడుపుతున్నాడు. కాటాకి కావలసిన ప్రోగ్రాం కూడా తనే రాశాడు. పైథాన్ అని కొత్త భాషట. అవినాష్ కూడా దాన్ని అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు. పెట్టె బిగించిన రోజు తిరుపతిరావు తెరకి కుంకుమబొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, జయమణి వైపు తిరిగి, "నీ ప్రార్థన కూడా చేసుకోవమ్మా. ఎవరి దేవుడి చేతిలో ఉందో దీని సంగతి" అన్నాడు. జయమణి కళ్ళు మూసుకుని నిజంగానే ప్రార్థన చేసింది.

"ఇక్కడ బండి నంబరు కొట్టాలి ఆంటీ. ఇక్కడ బరువు. బరువు దగ్గర అంకెలే కొట్టండి. లోడు బరువూ, ఖాళీ బరువూ రెండూ పడ్డాక చీటీ అదే వస్తుంది. సాయంత్రం ఇది నొక్కి మూసేస్తే రోజంతా కొట్టింది దాచుకుంటుంది" అని చెప్పి అవినాష్ మోటారుసైకిలెక్కి వెళ్ళిపోయాడు.

జయమణి ఆ పని తొందరగానే పట్టుకుంది. రాతి లారీలు, సిమెంటు లారీలు వస్తున్నాయి, పోతున్నాయి. వాటిలో డ్రైవరు దిగి పక్కన నిలబడతాడు. చిక్కల్లా కాయితం మిల్లులకి పోయే సుబాబులు కర్ర ట్రాక్టర్లతోనే. ముక్త్యాల, వేదాద్రి వైపు నుంచి వచ్చే ట్రాక్టర్ల మీద కర్ర రెండు నిలువుల ఎత్తుంటుంది. ఎత్తిన కూలీలు ఆ కర్ర మీదే పడుకుని వస్తారు. తూకం కోసం వాళ్ళను దించి ఎక్కించడమంటే గంట పని. అంచేత ఇక్కడ ఒక పద్ధతి ఉంది. మనుషులు పైనే ఉంటారు, మనిషికి యాభై కిలోల చొప్పున తరుగు తీసేస్తారు. జయమణి చేత్తో చీటీ రాసిన రోజుల్లో ఆ తరుగును తనలో తాను తీసేసి ఒట్టి అంకె వెయ్యలేదు ఎన్నడూ. లోడు రాసి, పక్కన గీత గీసి, తరుగు రాసేది. కనపడే తరుగు తరుగు, కనపడని తరుగు దొంగతనం అని ఆమె మాట.

కంప్యూటర్లోనూ అలాగే కొట్టింది. అంకెలే కదా కొట్టమన్నాడు. అంకె, గీత, అంకె.

సోమవారం పొద్దున్నే మొదటి ట్రాక్టరుకే తెర మీద ఇంగ్లీషు అక్షరాలు నాలుగు వరసలు పడి ప్రోగ్రాం ఆగిపోయింది. కరెంటు ఊగిందేమో అనుకుంది. మళ్ళీ మొదలుపెట్టి, వెనక లారీ హారన్ కొడుతుంటే తొందరలో తరుగు తనే తీసేసి కొట్టింది. ఈసారి అది తీసుకుంది. ఆ సంగతి అంతటితో మర్చిపోయింది.

బుధవారం నాడు బుల్లిబాబు ట్రాక్టరు కర్ర మీద ఇద్దరు మనుషులతో వచ్చింది. ఎర్ర అంకెలు ఆగేదాకా చూసి, జయమణి 6450-100 అని కొట్టింది. మళ్ళీ అవే నాలుగు వరసలు. పొద్దుటి నుంచి తూచిన లోళ్ళన్నీ పోయాయి.

కాసేపటికి గరికపాడు కృష్ణయ్య ఖాళీ ట్రాక్టరుతో కర్ర కొనే డిపో నుంచి తిరిగొచ్చాడు. ఖాళీ బరువు పడింది గాని, దేనిలోంచి తియ్యాలో ఆ లోడు బరువు లేదు. కర్ర అప్పటికే డిపోలో గుట్టలో కలిసిపోయింది.

"ఏందమ్మా, పొద్దున తూచిందేడ పోయింది? నీ డబ్బా మింగిందా?"

"నాకు గుర్తుంది కృష్ణయ్యా. చెప్తా, డిపోలో చెప్పు."

ఆమె చెప్పిన అంకె పట్టుకుని కృష్ణయ్య డిపోకి వెళ్ళాడు. నోటి లెక్క చెల్లదన్నారు అక్కడ. గుట్ట వైపు చూసి ఇంతుంటుందిలే అని తమకి తోచింది వేసుకున్నారు. కృష్ణయ్య తిరిగొచ్చి రోడ్డు మీద నిలబడి, ఆదెమ్మ కొట్టు దగ్గరున్న వాళ్ళందరికీ వినపడేలా అరిచాడు.

"కళ్ళతోటి తూచిండ్రు నా కర్రని! మూడేళ్ళు పెంచినా దాన్ని. ఈమెకు డబ్బా నడపరాకపోతే ఎందుకు కూసోబెట్టిండ్రు?"

జయమణి గదిలోంచి బయటికి రాలేదు. కీబోర్డు మీద ప్లాస్టిక్ కవరు కప్పింది. మళ్ళీ తీసింది. మళ్ళీ కప్పింది.

గురువారం అవినాష్ వచ్చాడు. కుర్చీలో కూర్చుని, వరసగా బళ్ళ నంబర్లు, బరువులు కొట్టాడు. ఒకటీ ఆగలేదు. ప్రింటరు కర్రుమంటూ చీటీలు కక్కింది. తిరుపతిరావు వాటిని చించి చూసుకుంటూ, "బానే ఉందిగా?" అన్నాడు.

"బానే ఉంది మామయ్యా. ఆంటీ, మీరేం కొట్టారు?"

"ఎప్పుడూ రాసేదే కొట్టానండి. బరువూ, పక్కన గీతా, తరుగూ."

"గీతా?" అవినాష్ నవ్వాడు. "గీత అంకెవుతుందా ఆంటీ? అయినా ఎవరైనా తప్పు కొడితే, తప్పు కొట్టారు అని చెప్పేలా కూడా పెట్టా మామయ్యా ఇందులో. అది చెప్పేలోపలే ఈవిడ కంగారుపడి ఏదో నొక్కేసుంటారు."

"నేనేం నొక్కలేదండి. అది ఏమీ చెప్పలేదు. పడిపోయింది."

"చెప్తుంది ఆంటీ. రాసింది నేనే కదా."

తిరుపతిరావు ఇద్దరి వంకా చూశాడు. తర్వాత చీటీల వంక చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. జయమణి కూతురు డిప్లొమాలో చేరినప్పుడు నాలుగు పూటలు సెలవిచ్చి తన స్కూటరు మీద కాయితాలు కూడా తిప్పించాడు. కాని కృష్ణయ్య అరుపులు ఆ పాటికి పేట మెయిన్ బజారు దాకా చేరాయి.

"జయమణీ, నీ మీద కోపం కాదమ్మా నాకు. ఇది నీకు పట్టుబడే పని కాదేమో. మంగళవారం నుంచి వీళ్ళ సెంటరు నుంచి ఒకమ్మాయి వస్తుంది. నువ్వు బయటుండి బళ్ళు సరిగా ఎక్కాయో లేదో చూసుకో. జీతంలో తేడా ఏం ఉండదులే."

"అలాగేనండి" అంది జయమణి.

అని, కిటికీ గట్టు మీద పెట్టుకున్న తన కళ్ళజోడు తీసి జాకెట్టులో దోపుకుంది. ఆ కిటికీలోంచి కలం మూతతో అద్దం మీద టక్ టక్ మని కొడితే ఎంత లారీ అయినా ముందుకి జరిగేది, వెనక్కి తగ్గేది. ఆ టకటక పేటలో డ్రైవర్లందరికీ తెలుసు. పనిలో ఉంచారు. జీతమూ ఉంచారు. కాటా ఆవిడ అన్న పేరు మాత్రం తీసేశారు. ఏ తప్పుకి తీశారో ఆ తప్పు తను చెయ్యలేదు.

ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. కాని మర్నాడు సాయంత్రం కూతురు మెర్లిన్ నందిగామ బస్సు దిగి, ఆదెమ్మ నోట విని ఇంటికొచ్చింది. మెర్లిన్ నందిగామలో డిప్లొమా రెండో ఏడు. క్లాసులయ్యాక అవినాష్ సెంటర్లోనే పైథాన్ నేర్చుకుంటోంది. పుస్తకాల సంచి దించకుండానే వంటింటి గడప మీద కూర్చుంది.

"అమ్మా, ఏం కొట్టావో అలాగే చెప్పు. ఏం కనపడిందో అలాగే చెప్పు."

జయమణి పొయ్యి మీద పప్పు తిప్పుతూ చెప్పింది. గీత సంగతి చెప్పింది. నాలుగు వరసలు పడ్డాయని చెప్పింది.

"ఆ వరసల్లో ఏముంది?"

"ఇంగ్లీషే. నాకేం తెలుసు? మధ్యలో ఒక అంకె ఉంది. నలభై మూడు. సోమవారం పడ్డప్పుడూ నలభై మూడే, బుధవారం పడ్డప్పుడూ నలభై మూడే."

మెర్లిన్ సంచిలోంచి ఒక కాయితం తీసింది. అవినాష్ సారు తన కాటా ప్రోగ్రామునే క్లాసులో అందరికీ పాఠంగా ఇచ్చాడు. ఇది మా మామయ్య కాటాలో నడుస్తోంది అని గొప్పగా చెప్పి మరీ ఇచ్చాడు. మెర్లిన్ వేలు పెట్టి లైన్లు లెక్కపెట్టుకుంటూ కిందికి వచ్చింది. ఒకచోట ఆగింది. పైకి పోయి మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఇది బరువు తీసుకునే లైను కాదమ్మా. అది పైనుంది. ఇది తప్పు కొట్టారు అని చెప్పే లైను."

"అయితే?"

"అయితే ఇది చెప్పబోయి పడిందన్నమాట."

జయమణి గరిటె పక్కన పెట్టింది. "నాకర్థమయ్యేలా చెప్పు."

మెర్లిన్ కాయితం తల్లి వైపు తిప్పింది. "నువ్వు కొట్టింది అంకెనా కాదా అని చూస్తుంది. అంకె అయితే పై దారిన పోతుంది. కాకపోతే కింద దారిలోకి వచ్చి, ఫలానాది కొట్టారు, ఇది తప్పు అని చెప్పాలి. ఆ మాటలో నువ్వు కొట్టింది పెట్టడానికి ఒక ఖాళీ గడి ఉంటుంది. పర్సెంటు గుర్తు పెట్టి పక్కన ఒక అక్షరం రాస్తాం. డి అని రాస్తే ఆ గడిలో అంకె మాత్రమే పడుతుంది. ఎస్ అని రాస్తే ఏదైనా పడుతుంది. సారు ఇక్కడ డి రాశారు."

"రాస్తే?"

"అంకె కానిది వస్తేనే కదమ్మా ఈ దారికి వచ్చేది! వచ్చినదాన్ని అంకెల గడిలో పెట్టమంటే ఎలా పడుతుంది?"

జయమణి కూతురి మొహం వంక చూసింది. అర్థమైనట్టే ఉంది. మానికతో నీళ్ళు కొలవమంటే కొలవచ్చు, జల్లెడతో కొలవమంటే ఎలా?

నీళ్ళు తాగడానికి లోపలికొచ్చిన జయమణి భర్త జీవరత్నం, సిమెంటు బస్తాలు ఎత్తి ఎత్తి బూడిదరంగు తేలిన చేతులతో చెంబందుకుని అన్నాడు. "ఏంటే, తల్లీకూతుళ్ళు షావుకారు మేనల్లుడికే తప్పులు పడుతున్నారా? ఉన్న పని కూడా పోతుంది, చూసుకోండి."

"తప్పు పట్టట్లేదు నాన్నా. ఎక్కడుందో చూస్తున్నా."

"రెండూ ఒకటేనే పిచ్చిదానా, పెద్దోళ్ళకి."

జయమణి పప్పు దించింది. అన్నాలయ్యాక కూతురితో మెల్లిగా అంది. "ఆయన నీకు సారు. నలుగురిలో ఏమీ అనకు. కాని నువ్వన్నది నిజమో కాదో నాకు చూడాలనుంది."

ఆదివారం ఆరాధన అయ్యాక, తెల్లచీరలోనే, కూతురితో కలిసి జయమణి నందిగామ బస్సెక్కింది. సెంటరు మెట్లు ఎక్కి, చెప్పులు బయట విడిచి, తలుపు పక్క బల్ల మీద కూర్చుంది. లోపల చల్లగా ఉంది. పిల్లలు అయిదారుగురు ఎవరి తెర ముందు వాళ్ళున్నారు. మెర్లిన్ కిటికీ వైపు కంప్యూటరు ముందు కూర్చుని, కాయితంలో ఉన్న కాటా ప్రోగ్రామును అలాగే దించడం మొదలుపెట్టింది.

కూతురు పని చెయ్యడం జయమణి అంతవరకూ చూడలేదు. ఇంట్లో గిన్నెలు తోమడం చూసింది, పుస్తకం ముందు కునికిపాట్లు పడటం చూసింది. ఇక్కడ వేరే మనిషిలా ఉంది. వీపు నిటారుగా పెట్టి, పెదవి కొరుక్కుంటూ, కీబోర్డు వంక చూడకుండా కొడుతోంది. ఒక లైను రాయడం, దాన్ని మళ్ళీ చదవడం, అప్పుడు కింది లైనుకి దిగడం. రాళ్ళు మూల నుంచి మూలకి మార్చినట్టే ఉంది, అనుకుంది జయమణి. ఆ పిల్ల చేతులు తన చేతుల్లాగే ఉన్నాయి. వేళ్ళ చివర వెడల్పు. ఆ సంగతి ఇన్నాళ్ళూ గమనించలేదు.

"అమ్మా, ఇలా రా. నువ్వే కొట్టు."

జయమణి లేచి వెళ్ళింది. చీర చెంగుతో వేళ్ళు తుడుచుకుని 6450-100 కొట్టింది. తెర మీద నాలుగు వరసలు పడ్డాయి.

"నలభై మూడు" అంది జయమణి. గొంతు కొంచెం పైకే వచ్చింది. పక్క పిల్లలు తిరిగి చూశారు.

"ఏంటిది?" అంటూ అవినాష్ వచ్చాడు. జయమణిని చూసి తడబడ్డాడు. "ఆంటీ, మీరా? కూర్చోండి. మెర్లిన్, ఏం చేస్తున్నావు?"

మెర్లిన్ లేచి నిలబడింది. "సార్, నలభై మూడో లైన్లో డి ఉంది. ఎస్ ఉండాలేమోనని..."

"అంకె అడిగిన చోట అంకె కొడితే ఆ గొడవే రాదు కదా?"

"అంకె కొడితే ఆ లైనుకే రాదు సార్. అంకె కానప్పుడే వస్తుంది. వచ్చినప్పుడల్లా పడిపోతుంది." మెర్లిన్ తల వంచుకునే అంది, కాని ఆపలేదు. "రాసిన రోజు నుంచి ఆ లైను ఒక్కసారి కూడా పనిచేసి ఉండదు సార్."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అవినాష్ వంగి తెర వంక చూశాడు. లైను మీద గీత గీసినట్టు వేలిని నడిపాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"సరే. రేపు నేను కాటా దగ్గరికి వస్తున్నా కదా. చూస్తాలే" అని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు కూతురికిచ్చి, జయమణి పక్కన కూర్చుంది. చిల్లకల్లు దగ్గర పడుతుండగా అంది. "తల వంచుకుని చెప్పావు. బానే చెప్పావు. ఇంకోసారి తలెత్తుకుని చెప్పు."

సోమవారం పొద్దున జయమణి రాళ్ళు పెట్టి చూసేసరికే అవినాష్ వచ్చి గదిలో కూర్చుని ఉన్నాడు. తిరుపతిరావు వెనక నిలబడ్డాడు. మెర్లిన్ కాలేజీ బస్సు కోసం సంచితో మెట్ల దగ్గరుంది. అవినాష్ రెండు మీటలు నొక్కాడు. లేచాడు.

"అయిపోయింది మామయ్యా. రిపేరు చేసేశా. ఇప్పుడు ఎవరేం కొట్టినా పడదు."

తిరుపతిరావు మొహం విప్పారింది. "చూశావా జయమణీ, నువ్వు తప్పు కొట్టినా తట్టుకునేలా చేసేశాడు మావాడు! పోన్లే, రేపు వేరేవాళ్ళెందుకు? నువ్వే కూర్చో. ఇకనైనా జాగ్రత్త."

కుర్చీ ఖాళీగా ఉంది. జయమణి గుమ్మంలోంచి కదల్లేదు.

"ఒకసారి కొట్టి చూడొచ్చాండి?"

"కొట్టమ్మా, కొట్టు."

ఆమె కుర్చీలో కూర్చోలేదు. నిలబడే వంగి, బండి నంబరు కొట్టి, కింద 6450-100 కొట్టింది. తెర ఆగిపోలేదు. దాని మీద ఒక్క వరస పడింది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. జయమణి కళ్ళజోడు తీసి పెట్టుకుని, బోర్డు చదివినట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"ఆ... పరే... టర్... తప్పు. ఆపరేటర్ తప్పు."

"అవును ఆంటీ. ఇప్పుడు చెప్తోంది చూడండి" అన్నాడు అవినాష్.

"ఆపరేటరంటే నేనే కదండీ?"

బయట హారన్ మోగింది. గరికపాడు కృష్ణయ్య ట్రాక్టరు కర్రతో పలక మీదికెక్కి ఆగింది. పైన ముగ్గురు మనుషులు. కృష్ణయ్య ఇంజను ఆపి గుమ్మం దాకా వచ్చాడు.

"ఇయ్యాలన్నా నా బరువు మీ డబ్బాల ఉంటదా, మళ్ళా మింగుతదా?"

జయమణి అతని వంక తిరగలేదు. తిరుపతిరావుతోనే అంది. "షావుకారు గారూ, నేను కూర్చోనండి. తరుగు తప్పు కాదు. మీ నాన్నగారి రోజుల నుంచీ ఈ కాటాలో ఉన్న పద్ధతి. అది రాసినందుకు రోజూ ఇది నన్ను తప్పంటుంటే, రైతు ఎదుట నేను ఈ కుర్చీలో కూర్చోలేను. మొన్న పడిపోయింది నా వల్ల కాదు. ఆ మాట ఎవరైనా చెప్తే కూర్చుంటా. లేకపోతే బయటే ఉంటా. బళ్ళు ఎక్కిస్తా."

అంత పొడుగు మాట ఆమె ఆ గదిలో ఎప్పుడూ మాట్లాడలేదు. తిరుపతిరావు మేనల్లుడి వంక చూశాడు.

అవినాష్ తెర వంక చూస్తున్నాడు. తర్వాత కృష్ణయ్య వంక చూశాడు, మెట్ల దగ్గరున్న మెర్లిన్ వంక చూశాడు. మెర్లిన్ తల వంచుకుని లేదు.

"ఆ లైను నాదే మామయ్యా" అన్నాడు. "తప్పు చెప్పమని నేను రాసిన లైనే తప్పు. ఆంటీ ఏమీ నొక్కలేదు. గీతే కాదు, అంకె కానిది ఏది కొట్టినా పడేదది. నిన్న వీళ్ళమ్మాయి చూపించేదాకా నేను చూసుకోలేదు."

"అంటే నా కర్ర బరువు..." అన్నాడు కృష్ణయ్య.

"నా వల్లే పోయిందండి."

కృష్ణయ్య తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "అయితే నేను బజార్ల ఈమెను తిట్టిన తిట్లన్నీ ఇప్పుడేడ ఏసుకోవాలె?"

"రోడ్డవతల ఆదెమ్మ కొట్టు దగ్గరే కదా తిట్టావు. అక్కడే నిలబడి ఏరుకో" అంది జయమణి. కృష్ణయ్య ముందు నవ్వాడు. తిరుపతిరావు తర్వాత నవ్వాడు.

అవినాష్ కుర్చీ కొంచెం వెనక్కి జరిపాడు. "మెర్లిన్, నువ్వొచ్చి రాయి ఆ లైను."

మెర్లిన్ సంచి భుజం మీదే ఉంచుకుని వచ్చి కూర్చుంది. "ఏమని రాయనమ్మా?"

జయమణి ఆలోచించింది. "ఎవరిదీ తప్పు అనొద్దు. ఫలానా బండికి కొట్టింది అంకె కాదు, మళ్ళీ కొట్టండి. అంతే. తరుగుకి వేరే గడి పెట్టు. అది చీటీ మీద కనపడాలి."

"తరుగు గడి నేను పెడతా ఆంటీ, ఇప్పుడే" అన్నాడు అవినాష్.

మెర్లిన్ రాసింది. బండి నంబరుకి ఒక గడి, కొట్టినదానికి ఒక గడి, రెండింటికీ ఎస్. నడిపింది. జయమణి మళ్ళీ గీత కొట్టింది. నాలుగు వరసలు పడ్డాయి.

మెర్లిన్ మెడ దాకా ఎర్రబడింది. "డి లేదు కదా... ఎందుకు..."

"గళ్ళు రెండు పెట్టావు" అన్నాడు అవినాష్ నెమ్మదిగా. ఆ గొంతులో ఎగతాళి లేదు. "చివర వాటిలో పడాల్సిన సరుకులు రెండూ విడివిడిగా ఇచ్చావు. అది మొదటిది ఒక్కటే తీసుకుని, రెండోది ఏదీ అంటోంది. రెండూ ఒక సంచిలో కట్టి ఇవ్వాలి. బ్రాకెట్లు పెట్టు. నేనూ మొదట్లో ఎన్నిసార్లు పడ్డానో."

మెర్లిన్ బ్రాకెట్లు పెట్టింది. జయమణి మళ్ళీ కొట్టింది. ఈసారి తెర మీద ఒక్క వరస పడింది. కృష్ణయ్య బండి నంబరు, దాని పక్కన ఆమె కొట్టింది, అంకె కాదు, మళ్ళీ కొట్టండి. ఆ కింద కర్సరు మెరుస్తూ నిలబడింది. ఎదురుచూస్తున్నట్టే ఉంది.

అవినాష్ తరుగు గడి పెట్టడం పూర్తయ్యేసరికి వెనక రోడ్డు మీద మూడు లారీలు ఆగాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. ఏం జరుగుతోందో ఆదెమ్మ అప్పటికే వాళ్ళకి టీతో పాటు పోసేసింది. జయమణి కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంది. కలం మూతతో అద్దం మీద టక్ మని కొట్టింది. కృష్ణయ్య వెళ్ళి ట్రాక్టరును జానెడు ముందుకి జరిపాడు. ఎర్ర అంకెలు ఊగి ఊగి ఆగాయి. లోడు కొట్టింది. తరుగు గడిలో నూట యాభై కొట్టింది.

కర్ర దించి కృష్ణయ్య తిరిగొచ్చాక ప్రింటరు చీటీ ఇచ్చింది. లోడు ఒక వరస, మనుషుల తరుగు ఒక వరస, ఖాళీ ఒక వరస, నికరం ఒక వరస. కృష్ణయ్య దాన్ని ఎండలోకి పట్టుకుని పోయి చదువుకున్నాడు.

"తరుగు కూడ అచ్చేసిండ్రు" అన్నాడు పక్కన దిగి నిలబడ్డ కూలీలతో. "మీ బరువు పేటంతా తెలుస్తది ఇగ."

ఆ వారంలోనే తిరుపతిరావు వచ్చిన ప్రతివాడికీ చెప్పడం మొదలుపెట్టాడు. మా కాటా ప్రోగ్రాం మావాడు రాశాడు, దాన్ని దిద్దింది మా జయమణి కూతురు, నందిగామలో డిప్లొమా చదువుతోంది అని. కోదాడ డ్రైవర్లకి కూడా చెప్పాడు. సిమెంటు బస్తాల దగ్గర ఎవరో అడిగితే జీవరత్నం, "అవును, మా పిల్లే" అని ఇంకో బస్తా ఎత్తుకున్నాడట. ఆ సంగతి అతను ఇంట్లో చెప్పలేదు. ఆదెమ్మ చెప్పింది.

కొన్నాళ్ళకి ఒక పొద్దున తిరుపతిరావు మామూలుకంటే ముందే కాటాకి వచ్చాడు. పలక మీద రాళ్ళు పెట్టడం అప్పటికే అయిపోయింది. వాటిని మెట్ల కింద సర్ది, చేతులు కడుక్కుని, జయమణి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. రోడ్డు మీద ఇంకా ఒక్క బండీ లేదు. కాని ఆమె ఏదో కొడుతోంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒక వేలితో.

ఆయన వెనకగా వచ్చి, కళ్ళజోడు సవరించుకుని తెర వంక వంగాడు. బండి నంబరు దగ్గర జయమణి అని ఉంది. బరువు దగ్గర మెర్లిన్ అని ఉంది. ఆమె మీట నొక్కింది. తెర మీద ఒక్క వరస పడింది.

జయమణి: మెర్లిన్ అంకె కాదు. మళ్ళీ కొట్టండి.

"రోజూ ఇదేనా? ఏం చేస్తున్నావమ్మా పొద్దున్నే?" అన్నాడు తిరుపతిరావు.

జయమణి ఆ వరస కిందికి జరిగిపోయేదాకా చూసి, మొదటి లారీ కోసం కలం మూత చేతిలోకి తీసుకుంది.

"రాళ్ళు పెట్టి చూస్తున్నానండి."